కారు రంగు మీద మొండి మచ్చ: రుద్దే ముందు అది ఎక్కడుందో తెలియాలి

కారు కడిగాక కూడా ఒక మచ్చ పోకపోతే చాలామంది చేసే మొదటి పని దాన్ని గట్టిగా రుద్దడం. అప్పటికీ పోకపోతే టూత్‌పేస్టు, కిరోసిన్, గిన్నెలు తోమే సబ్బు, చివరికి రబ్బింగ్ కాంపౌండ్ వరుసగా రంగంలోకి దిగుతాయి. వీటిలో ఏదో ఒకటి ఒక్కోసారి పనిచేస్తుంది. చాలాసార్లు మాత్రం అసలు మచ్చ అలాగే ఉండిపోయి, దాని చుట్టూ మెరుపు చచ్చిన ఇంకో మచ్చ తయారవుతుంది. రోగం ఏమిటో తెలియకుండా మందు వేస్తే జరిగేది ఇదే.

పైకి ఒకేలా కనిపించినా కారు రంగు మీద మచ్చలు మూడు రకాలు. కొన్ని రంగు పైన అంటుకొని ఉంటాయి. కొన్ని పై పొరలోకి దిగి ఉంటాయి. మరికొన్ని పొరల కింద పుట్టి పైకి తేలతాయి. మొదటి రకాన్ని కరిగించి తీయవచ్చు. రెండో రకాన్ని కొంతవరకు సరిచేయవచ్చు. మూడో రకం ఎంత రుద్దినా పోదు. కాబట్టి మచ్చ ఏ రకానిదో తేల్చుకోవడమే సగం వైద్యం.

వెంట్రుక కన్నా పలచని కవచం

కంటికి ఒకే రంగులా కనిపించేది నిజానికి నాలుగైదు పొరల కట్టడం. ఫ్యాక్టరీలో ఉక్కు రేకుకు ముందుగా ఫాస్ఫేట్ పూత పడుతుంది. తర్వాత కారు శరీరాన్ని మొత్తంగా ప్రైమర్ తొట్టిలో ముంచి, విద్యుత్తు పంపి, మూలమూలకూ ఆ ప్రైమర్ అంటుకునేలా చేస్తారు. తుప్పును ఆపే ఈ పొర మందం సుమారు 20 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని మీద 30 నుంచి 40 మైక్రాన్ల రెండో ప్రైమర్, ఆపైన 15 మైక్రాన్లకు అటూఇటూగా అసలు రంగు, అన్నిటికన్నా పైన 35 నుంచి 50 మైక్రాన్ల పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. మోడల్‌ను బట్టి కొద్ది తేడాలున్నా మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మామూలు జిరాక్స్ కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు, మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. వానను, ఎండను, దుమ్మును ముందుగా కాచుకునే క్లియర్ కోట్ ఆ వెంట్రుక కన్నా పలచన.

క్లియర్ కోట్ గట్టిపడిన పాలిమర్. పొడవాటి అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి అల్లుకొని వల కట్టినట్లు ఉంటాయి. అందులోనే అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు కలిసి ఉంటాయి. కింది రంగు వెలిసిపోకుండా కాపాడేవి అవే. మన చర్మంలాగా ఈ పొర తిరిగి పెరగదు. పాలిష్ పట్టడమంటే మచ్చను తీసేయడం కాదు. మచ్చ ఉన్న గుంట అడుగు దాకా చుట్టుపక్కల పొరను అరగదీయడం. ఒక్కో పాలిష్‌కు 2 మైక్రాన్లు అరిగాయనుకుందాం. ఏడాదికి రెండుసార్లు చొప్పున అయిదేళ్లకు 20 మైక్రాన్లు పోతాయి. 40 మైక్రాన్ల కవచంలో అది సగం. అందుకే అరగదీయడం ఆఖరి అస్త్రంగానే ఉండాలి.

నాలుగు చిన్న పరీక్షలు

మచ్చ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కారును నీడలో శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, వరుసగా నాలుగు పరీక్షలు చేస్తే చాలు.

మొదటిది స్పర్శ పరీక్ష. పలచటి ప్లాస్టిక్ కవరును చేతికి తొడుక్కొని వేళ్ల కొసలతో మెల్లగా నిమరాలి. ఒట్టి వేలికి తెలియని గరుకు కూడా కవరు మీదుగా తెలుస్తుంది. గరుకు తగిలితే ఏదో పైన అంటుకొని ఉందని అర్థం. నునుపుగా ఉండి కంటికి మాత్రం మచ్చ కనిపిస్తే అది పొరలోకి దిగి ఉండవచ్చు.

రెండోది నీటి పరీక్ష. మచ్చను లేదా గీతను తడిపి చూడాలి. తడిగా ఉన్నంతసేపూ మాయమై, ఆరాక మళ్లీ కనిపిస్తే లోపం క్లియర్ కోట్‌లోనే ఉందన్నమాట. దీని వెనక ఉన్నది కాంతి వక్రీభవనం. క్లియర్ కోట్ వక్రీభవన గుణకం సుమారు 1.5, నీటిది 1.33, గాలిది 1. గీతలో గాలి ఉన్నప్పుడు ఈ తేడా ఎక్కువ కాబట్టి కాంతి చెదిరి గీత తెల్లగా కనిపిస్తుంది. నీరు నిండితే తేడా తగ్గి గీత దాక్కుంటుంది. తడిలోనూ తెల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తే గీత ప్రైమర్ దాకా దిగిందని అర్థం.

మూడోది గోటి పరీక్ష. గీతకు అడ్డంగా గోరును తేలిగ్గా జరపాలి. గోరు తట్టుకొని ఆగితే ఆ గీత పాలిష్‌తో సురక్షితంగా పోయే లోతులో లేదు.

నాలుగోది కాంతి పరీక్ష. చీకట్లో సెల్‌ఫోన్ టార్చిని ఏటవాలుగా వేసి చూస్తే గుంట, బుడిపె, పొక్కు వేరువేరుగా తెలుస్తాయి. పైకి లేచినదాని నీడ ఒక పక్కకు పడుతుంది, గుంట అంచు మాత్రమే మెరుస్తుంది.

పైన అంటుకున్నవి: కరిగించాలి, గీకకూడదు

తెలుగు రాష్ట్రాల్లో కార్ల మీద ఎక్కువగా కనిపించేవి బోరు నీటి మరకలు. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉండాలని, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. ఆ పై హద్దులో ఉన్న నీరు ఒక లీటరు కారు మీదే ఆరిపోతే 0.6 గ్రాముల సున్నపు ఉప్పులు అక్కడే మిగులుతాయి. ప్రతి చుక్కా అంచుల్లో తెల్లటి వలయాన్ని వదిలిపోతుంది. ఇది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. పొడిగుడ్డతో గీకితే ఆ పొడే గరుకు కాగితంలా పనిచేసి గీతలు పెడుతుంది. వంటకు వాడే వెనిగర్‌ను అంతే పరిమాణం డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి, అందులో తడిపిన మెత్తటి గుడ్డను మరక మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచితే ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది. ఆ తర్వాత నీళ్లతో బాగా కడిగి వెంటనే తుడవాలి. నీటిలో సిలికా ఎక్కువగా ఉంటే దాని మరక వెనిగర్‌కు లొంగదు. తెల్లటి పొర పోయినా వలయం మిగిలితే అది పొరలోకి దిగిందన్నమాట. బాత్రూములు కడిగే యాసిడ్ జోలికి మాత్రం వెళ్లకూడదు. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం నికెల్, క్రోమియం పూతలనూ, రేకునూ తినేస్తుంది.

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పడే తెల్లటి చారలు దీనికి దగ్గరి బంధువులు. పై అంతస్తు నుంచి ఊరే నీరు కాంక్రీటు పగుళ్ల గుండా దిగుతూ కాల్షియం హైడ్రాక్సైడ్‌ను తనలో కలుపుకుంటుంది. కారు మీద పడ్డ చుక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని సున్నపురాయిగా గట్టిపడుతుంది. బొర్రా గుహల్లో వేలాడే ఊడలు కూడా ఇదే కాల్షియం కార్బొనేటే. అయితే అక్కడ నీటిలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటకు పోవడం వల్ల ఊడ ఏర్పడుతుంది, ఇక్కడ లోపలికి రావడం వల్ల మచ్చ ఏర్పడుతుంది. తాజా చుక్క గాఢమైన క్షారం కాబట్టి క్లియర్ కోట్‌ను దెబ్బతీస్తుంది. చూడగానే నీళ్లతో కడిగేయాలి. గట్టిపడ్డాక వెనిగర్ ద్రావణంతో ఓపిగ్గా రెండు మూడు విడతలు నానబెట్టాలి. స్లాబు కారడం ఆగేదాకా కారును వేరేచోట నిలపడమే అసలు పరిష్కారం.

తెల్ల కార్ల మీద సూదిమొనంత నారింజ రంగు చుక్కలు కనిపిస్తే రేకు తుప్పు పట్టిందని యజమానులు కంగారుపడతారు. చాలావరకు అవి బయటి నుంచి వచ్చిన ఇనుప రజను. రైలు పట్టాల దగ్గర, గ్రైండింగ్ షాపుల పక్కన, బ్రేకుల నుంచి ఎగిరే సన్నని ఇనుప రేణువులు పై పొరలో గుచ్చుకొని అక్కడే తుప్పు పడతాయి. సబ్బుతో పోకపోవడం, కవరు తొడిగిన చేతికి ముల్లులా తగలడం వీటి గుర్తులు. థయోగ్లైకోలేట్ ఉన్న ఐరన్ రిమూవర్ చల్లితే అది ఇనుముతో కలిసి ఊదా ఎరుపు రంగుకు మారుతుంది. అంటే పరీక్షా, చికిత్సా ఒకేసారి జరుగుతాయన్నమాట. రంగు మారకపోతే అవి ఇనుప రేణువులు కావు. చేతి తొడుగులు వేసుకొని, చల్లగా ఉన్న రేకు మీద, గాలి ఆడే చోట మాత్రమే దీన్ని వాడాలి. మిగిలిన రేణువులను తీయడానికి క్లే బార్ అనే మెత్తటి ముద్ద దొరుకుతుంది. సబ్బునీరు చల్లి, బరువు పెట్టకుండా దాన్ని జారనిస్తే పైకి పొడుచుకొచ్చిన రేణువులను లాగేస్తుంది. కింద పడిన ముద్దను మాత్రం మళ్లీ వాడకూడదు. దానికి అంటుకున్న ఇసుక రంగు మీద గీతలు పెడుతుంది.

మామిడి పూత కాలంలో చెట్టు కింద ఆపిన కారు మీద జిగట తుంపర్లు పడతాయి. అవి చెట్టు కార్చినవి కావు. పూత రసం పీల్చే తేనెమంచు పురుగులు విసర్జించే తీపి ద్రవం. దాని మీద నల్లటి మసి బూజు కూడా పెరుగుతుంది. ఇది చక్కెర కాబట్టి గోరువెచ్చటి నీటిలో తడిపిన గుడ్డను పది నిమిషాలు పరిస్తే కరిగిపోతుంది. తుమ్మ, వేప జిగుర్లు కూడా నీటికి నాని మెత్తబడేవే. గుగ్గిలం జాతి జిగురుకు నీరు పనిచేయదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. రోడ్డు తారుకు అదీ చాలదు, తారు తీసే నూనె జాతి ద్రావకమే కావాలి. వంటనూనెతో నానబెట్టినా తారు మెల్లగా మెత్తబడుతుంది. ఒక పదార్థాన్ని దాని జాతిదే కరిగిస్తుందన్న రసాయన సూత్రమే ఈ మూడింటికీ ఆధారం. పెట్రోలుతో తుడవడం అలవాటుగా ఉన్నా నిప్పు ప్రమాదం వల్ల అది మంచి పద్ధతి కాదు.

పొరలోకి దిగినవి: గడియారంతో పందెం

పిట్ట రెట్ట రెండు విధాలుగా దెబ్బతీస్తుంది. అందులో యూరిక్ ఆమ్లంతో పాటు జీర్ణరసాల ఎంజైములు ఉంటాయి. ప్రయోగశాలలో రెట్టకు బదులు ప్యాంక్రియాటిన్ అనే ఎంజైముల మిశ్రమాన్ని వాడి ఇరాన్ పరిశోధకులు చేసిన అధ్యయనాల్లో, ఇవి క్లియర్ కోట్‌లోని రసాయన బంధాలను తెంచి గుంటలు చేస్తాయని తేలింది. రెండోది వేడి. ఎండాకాలంలో ముదురు రంగు బానెట్ 70 డిగ్రీల సెల్సియస్‌ను కూడా తాకగలదు. ఆ వేడికి క్లియర్ కోట్ మెత్తబడుతుంది. అదే సమయంలో రెట్ట ఎండి ముడుచుకుంటూ తన కింది పొరను తనతో లాగుతుంది. సాయంత్రం రంగు చల్లబడి గట్టిపడేసరికి ఆ ముద్ర అలాగే నిలిచిపోతుంది. అందుకే డిసెంబరులో రెండు రోజులు ఉన్నా ఏమీ చేయని రెట్ట, మే నెలలో ఒక్క మధ్యాహ్నంలోనే గుర్తు వదలవచ్చు.

రెట్టను చూసిన వెంటనే తడిగుడ్డ కప్పి, నానాక పైకి ఎత్తి తీయాలి. అందులో గింజలు, ఇసుక ఉంటాయి కాబట్టి రుద్దకూడదు. లోతు తక్కువ ముద్ర మిగిలితే పాలిష్‌కు ముందు ఒక సులువైన ప్రయత్నం ఉంది. శుభ్రం చేసిన రేకును కాసేపు ఎండలో ఉంచడమో, వేడినీటిలో తడిపిన గుడ్డ కప్పడమో చేస్తే పాలిమర్ గొలుసులు సడలి ముద్ర కొంత సర్దుకుంటుంది. బంధాలు తెగి పొర తినేసిన చోట మాత్రం ఈ చిట్కా పనిచేయదు.

ఆమ్ల వర్షపు మరకలదీ ఇదే దారి. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిసిన చుక్క ఎండలో ఆవిరవుతున్న కొద్దీ మిగిలిన ఆమ్లం గాఢమవుతుంది. ఆక్రిలిక్ మెలమైన్ రకం క్లియర్ కోట్‌లోని బంధాలు దానికి తేలిగ్గా తెగుతాయి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో ఈ బెడద ఎంత ఎక్కువంటే, కొత్త పూతలు ఆమ్లాన్ని ఎంత తట్టుకుంటాయో చూడటానికి రంగుల కంపెనీలు తమ నమూనా పలకలను అక్కడి ఎండావానలకు వదిలి పరీక్షిస్తుంటాయి.

మన దగ్గర ప్రత్యేకంగా కనిపించే మరక పసుపుది. కొత్త కారు పూజలోనూ, దసరా ఆయుధపూజలోనూ పెట్టిన బొట్టు తెల్ల బానెట్ మీద వారాల తరబడి ఉండిపోతుంది. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రనయ్యేది అందుకే. బట్టల సబ్బుతో కడిగినప్పుడు పసుపు మరక ఎర్రబారి మరింత భయపెట్టేదీ అందుకే. అయితే కర్క్యుమిన్‌కు ఒక బలహీనత ఉంది. వెలుతురుకు అది విరిగిపోతుంది. కారు షాంపూతో కడిగి, నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒత్తి తీశాక మిగిలిన లేత పసుపును ఎండే మెల్లగా వెలిసిపోయేలా చేస్తుంది. ఇక్కడ పాలిష్ పట్టడమంటే తనంతట తాను పోయే మరక కోసం పోతే రాని పొరను ఖర్చు చేయడమే. బజారు కుంకుమల్లో చాలావాటిలో కృత్రిమ రంగులు ఉంటాయి. అవి అంత తేలిగ్గా వెలవవు. బొట్టును ముందు అద్దం మూలన పెడితే ఆచారమూ నిలుస్తుంది, రంగూ నిలుస్తుంది. గాజు ఈ రంగులను లోపలికి పీల్చుకోదు.

ఎండలో బానెట్ మీద సాలెగూడులా కనిపించే సన్నని గీతలు కూడా ఈ రకమే. వాటిని పెట్టేది పొడి దుమ్ము మీద తిప్పిన పొడిగుడ్డ. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ మాపకంలో ఇసుకలోని క్వార్ట్జ్ స్థానం 7. దాని ముందు క్లియర్ కోట్ చాలా మెత్తన. గీతలు గుండ్రంగా కనిపించడం కంటి భ్రమ మాత్రమే. నిజానికి అవి అన్ని దిక్కుల్లోనూ ఉంటాయి. దీపం ప్రతిబింబం చుట్టూ వలయాల దిశలో ఉన్న గీతలే కాంతిని కంటి వైపు మళ్లిస్తాయి, మిగతావి కనిపించవు. దీపాన్ని జరిపితే వలయాలూ దానితోపాటే జరగడం ఇందుకు రుజువు.

పొరల కింద పుట్టినవి: పాలిష్‌తో పోవు

తడిపినా, నిమిరినా మారని పొక్కులు, పొలుసుల్లా లేచే క్లియర్ కోట్, అంచుల్లో ఉబ్బిన రంగు వేరే జాతి. రంగు వేసే ముందు రేకు మీద చెమట ఉప్పు గానీ, గట్టి నీటి లవణాలు గానీ మిగిలితే అవి సూక్ష్మంగా నీటిని పై పొర గుండా తమ వైపు లాక్కుంటాయి. ఊరగాయలో ఉప్పు ముక్కలోని నీటిని లాగే ఆస్మాసిస్ ఇదే. అలా చేరిన నీటి ఒత్తిడికి రంగు పొక్కుతుంది. తుప్పుదీ ఉబ్బే గుణమే. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఎక్కువ చోటు ఆక్రమించి పొరను పైకి నెడుతుంది. వీటి మీద పాలిష్ పడితే పలచబడిన పొర చిరిగి నీటికి దారి ఇంకా తెరుచుకుంటుంది. దెబ్బతిన్న చోటు వరకు గీకి, తుప్పు తీసి, ప్రైమర్ నుంచి మళ్లీ మొదలుపెట్టడమే మార్గం. సముద్రతీర పట్టణాల్లో ఉప్పు గాలి వల్ల ఇది వేగంగా పాకుతుంది కాబట్టి వాయిదా వేయకూడదు.

కొత్తగా రంగు వేయించిన చోట చేపకన్నులాంటి గుండ్రటి గుంటలు కనిపిస్తే ఎండనో, వాననో తప్పుపట్టి లాభం లేదు. రేకు మీద మిగిలిన సిలికోన్ పాలిష్ లేదా నూనె చుక్క చుట్టూ తలతన్యత తేడా వల్ల తడి రంగు వెనక్కి జరిగి అలా అవుతుంది. అది పని చేసిన షెడ్డులోనే సరిచేయాల్సిన లోపం.

సాన పట్టక తప్పనప్పుడు

పరీక్షలన్నీ లోపం క్లియర్ కోట్‌లోనే, తక్కువ లోతులోనే ఉందని చెబితే పాలిష్ సరైన మందు. ముందుగా మందం కొలవడం మేలు. రంగు మందం కొలిచే చేతి పరికరాలు ఉక్కు మీద అయస్కాంత సూత్రంతో, అల్యూమినియం మీద ఎడ్డీ కరెంట్లతో పనిచేస్తాయి. ప్లాస్టిక్ బంపర్ల మీద ఇవి పనిచేయవు. పరికరం చూపేది మొత్తం మందాన్నే గాని క్లియర్ కోట్‌ను విడిగా కాదు. కారంతా 110 ఉండి ఒక డోరు మీద 80 వస్తే అక్కడ ఇప్పటికే అరిగిందని అనుమానించాలి. కొన్ని వందల మైక్రాన్లు వస్తే కింద లప్పం ఉందన్నమాట.

ఆపైన సూత్రం ఒక్కటే, అతి తక్కువ బలంతో మొదలుపెట్టాలి. అరచేయంత చోట మెత్తటి ప్యాడ్, సన్నని పాలిష్‌తో ప్రయత్నించి చూడాలి. సరిపోకపోతేనే ఒక మెట్టు ఎక్కాలి. అంచులు, ఒంపుల మీద రంగు పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ మిషన్ ఆపకూడదు. ప్లాస్టిక్ వేడిని త్వరగా వదలదు కాబట్టి బంపర్ల మీద ఇంకా జాగ్రత్త కావాలి. తుడిచిన గుడ్డకు కారు రంగే అంటుకుంటే వెంటనే ఆపాలి. క్లియర్ కోట్ ఉన్న కారులో దాని అర్థం కవచం దాటి రంగు పొరను తాకారని. మచ్చ ముప్పావు వంతు తగ్గాక మిగతాదాన్ని వదిలేయడం చాలాసార్లు తెలివైన నిర్ణయం. వ్యాక్స్ ఆ మిగిలిన గుంటను నింపి కొంతకాలం కనిపించకుండా చేస్తుంది.

అనవసరమైన రీపెయింట్ ఖర్చు ఎవరిది?

పొర అరిగిపోతే మిగిలేది మళ్లీ రంగు వేయించడమే. ఫ్యాక్టరీలో క్లియర్ కోట్ సుమారు 140 డిగ్రీల ఓవెన్‌లో గట్టిపడుతుంది. సీట్లు, వైర్లు, ప్లాస్టిక్కులు అమర్చిన కారును అంత వేడిలో పెట్టలేరు. కాబట్టి షెడ్లలో రెండు డబ్బాల రసాయనాలు కలిపి, 60 డిగ్రీల దగ్గర గట్టిపడే పూత వేస్తారు. ఆ రెండో డబ్బాలో ఉండేవి ఐసోసయనేట్లు. స్ప్రే గన్ నుంచి తుంపర్లుగా ఎగిరే ఈ రసాయనాలు పెయింటర్లలో వృత్తి సంబంధమైన ఉబ్బసానికి తెలిసిన కారణాల్లో ఒకటి. శరీరం ఒకసారి వీటికి స్పందించడం మొదలుపెడితే ఆ తర్వాత అతి తక్కువ మోతాదు కూడా ఊపిరాడకుండా చేయగలదు. ముఖానికి కట్టిన చేతిరుమాలు గానీ, దుమ్ము మాస్కు గానీ వీటిని ఆపవు. బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు, గాలిని లాగేసే బూత్ ఉండాలి. రోడ్డు పక్క షెడ్లలో చాలాచోట్ల ఈ రెండూ కనిపించవు.

ఆ లెక్కన కడిగితే పోయే మరకను అరగదీసి, అరిగినచోట మళ్లీ రంగు వేయించడం వల్ల యజమాని డబ్బుతో పాటు ఇంకొకరి ఊపిరి కూడా ఖర్చవుతుంది. ముందు కడగడం, ఆపై నిమరడం, తడపడం, వెలుగులో చూడడం. తర్వాత కరిగించడం, చివరికే అరగదీయడం. ఈ వరుస పాటిస్తే మొండి మచ్చల్లో చాలావాటికి రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా తెరవాల్సిన అవసరమే రాదు.